శామీర్‌పేట నుండి ముప్కాల్ వఱకు: సమాజశాస్త్రమున పరిశోధన పద్ధతి నిర్ణయము

పరిశోధనమునకు పూనుకొనువాడు తెలిసికొనదలచిన విషయమును ముందు నిర్ణయించి, పద్ధతిని పిదప వెదకుట న్యాయము. నేటి సమాజశాస్త్ర పరిశోధనములందు ఈ క్రమము తఱచుగా తాఱుమాఱగుచున్నది. ప్రశ్నావళి మొదట సిద్ధమగును. దానికి తగిన సమస్య తరువాత పుట్టును. ఇందలి హానిని నిరూపించుటకు మన ప్రాంతమునకే చెందిన యొక ప్రసిద్ధ గ్రంథమును పరీక్షింతము.

ఆచార్య శ్యామాచరణ దూబే ఉస్మానియా విశ్వవిద్యాలయమున పనిచేయు కాలమున, హైదరాబాదు సమీపమునందలి శామీర్‌పేటను 1951-52లో అధ్యయనము చేసి, 1955లో 'ఇండియన్ విలేజ్' అను గ్రంథమును ప్రకటించిరి. విశ్వవిద్యాలయమునందలి వివిధ శాఖలవారు ఆ గ్రామమున కలిసి పనిచేయుట దీని ముఖ్య గుణము. సాంఘిక వ్యవస్థ, ఆర్థిక జీవనము, కర్మకాండ, కుటుంబ బంధములు, జీవన ప్రమాణము అను ప్రకరణములను చూచినచో ఏ యొక్క పద్ధతియు వీని కన్నింటికి చాలదని స్పష్టమగును. జీవన ప్రమాణమునకు లెక్క కావలెను. కర్మకాండకు ప్రత్యక్ష పరిశీలనము కావలెను.

గ్రామమును అధ్యయనమునకు ప్రమాణముగా గ్రహించుటపై 1957లో లూయీ ద్యూమో, డేవిడ్ పోకాక్ అనువారు ఆక్షేపణ చేసిరి. కులబంధము, వివాహబంధము ఊరి పొలిమేరను దాటిపోవునని వారి వాదము. ఇది సత్యమే కాని పూర్ణసత్యము కాదు. నీరు, కూలి, పండుగ, తగవు ఊరియందే నడచును. కావున గ్రామమును విడువరాదు. గ్రామము చాలునని భ్రమపడనురాదు.

ఈ విచారమును నిజామాబాదు జిల్లాకు అన్వయింతము. పూర్వము బాల్కొండ మండలమున ఉండి, 2016లో తానే మండల కేంద్రమైన ముప్కాల్ వంటి గ్రామమున ఇంటింట నున్నవారిని మాత్రమే లెక్కించిన పరిశోధకుడు, గల్ఫు దేశములకు పోయినవారిని విడుచును. వారు పంపు ధనము ఇంట నుండును, వారు ఉండరు. 2014 ఆగస్టు 19న తెలంగాణమున జరిగిన సమగ్ర కుటుంబ సర్వే యిందుకు చక్కని నిదర్శనము. ఒక్క దినమున రాష్ట్రమంతటిని స్పృశించుట దాని బలము. ఆ దినమున ఇంట లేకున్న లెక్క తప్పునని దూరప్రాంతముల నుండి జనులు స్వగ్రామములకు తరలివచ్చిరి. అనగా కొలత కొలువబడు వస్తువునే మార్చినది.

బోధను చెఱకు సీమయందు సమస్య మఱియొక తీరున నున్నది. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. ఎంత చెఱకు వచ్చినదో కర్మాగారపు దస్త్రములు చెప్పగలవు. రైతు చెఱకును ఏల విడిచెనో చెప్పజాలవు. అది రైతునే అడుగవలెను. అయినను ఏండ్లు గడచిన పిదప చెప్పు జ్ఞాపకము జరిగినదానికి నేటి కోపమును జోడించును. కావున మాటను దస్త్రముతోను, దస్త్రమును మాటతోను సరిచూడవలెను.

అన్నిటికంటె కఠినమైనది గ్రామాభివృద్ధి సంఘముల విషయము. ఈ జిల్లాలో కొన్నిచోట్ల అవి కుటుంబములను సాంఘికముగా బహిష్కరించిన యుదంతములు ప్రసిద్ధములే. సంఘ పెద్ద యరుగుమీద కూర్చుండి ప్రశ్నావళిని చదివినచో 'అట్టిదేమియు లేదు' అనునదియే సమాధానము. ఆ సమాధానమును వందమంది నుండి సేకరించినను అసత్యము సత్యము కాదు. ఇచట దీర్ఘకాల పరిచయము, ఏకాంత సంభాషణము తప్ప మార్గాంతరము లేదు. దూబే తమ గ్రామమును నిజనామముతోనే పేర్కొనిరి. ఇట్టి విషయమున ఆ పద్ధతి తగదు. ఊరి పేరు మఱుగుపఱచినంత మాత్రమునను చాలదు. వృత్తి, కులము, ఇండ్ల సంఖ్య తెలిపినచో చిన్న ఊరిలో మనిషి దొరకును.

పద్ధతిని విమర్శించువాడు దాని పేరును గాక, అది అడిగిన ప్రశ్నకు తగినదా, తన తప్పును తానే పట్టుకొను అవకాశము ఇచ్చుచున్నదా, సమాధానము చెప్పినవానిని ఆపదపాలు చేయకున్నదా అని చూడవలెనని మా అభిప్రాయము. పర్యవేక్షకులు సిద్ధాంత వ్యాసమున పట్టికల సంఖ్యను లెక్కించుటకు ముందు ఈ మూడింటిని అడిగినచో, విద్యార్థి శ్రమయు సార్థకమగును. అతనిని నమ్మి నోరు విప్పినవానికి కీడును కలుగదు.