పొగ చూసి పనిపట్టే మేస్త్రి

విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీ ఆగితే డీజిల్ పంపు మేస్త్రి ముందు పానా పట్టడు. "ఓసారి రేజ్ చెయ్యి తమ్ముడూ" అని పొగగొట్టం దగ్గర నిలబడతాడు. నల్లపొగ వచ్చిందంటే డీజిల్‌కు తగ్గ గాలి అందట్లేదన్నమాట.

"లాగట్లేదన్నా, కాస్త డీజిల్ పెంచు" అంటాడు డ్రైవర్. అందరూ అడిగేది అదే! డీజిల్ ఎవరైనా పెంచుతారు, గాలి తేవడమే పనితనం. పారేసే పొగతోనే చక్రం తిప్పి ఇంజన్లోకి గాలి కూరే ఉపాయానికి, అంటే టర్బోకు, స్విస్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఆ బుల్లి చక్రం నిమిషానికి లక్ష చుట్లు కూడా తిరగగలదు.

మేస్త్రి ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ గొట్టానికి కంప్రెసర్ గాలి పట్టి, సబ్బునీళ్లు రాస్తాడు. క్లిప్పు కింద బుడగ లేచింది. అదీ దొంగ! తర్వాత టర్బో ఇరుసును రెండు వేళ్లతో కదిపి చూస్తాడు. నాజిళ్లు బెంచి మీద పొగమంచులా చల్లాలి, చుక్క కారకూడదు. అన్నీ కుదిరాకే పంపు స్క్రూ, అదీ పిసరంత. ఆశపడి ఎక్కువ తిప్పితే వేడికి పిస్టన్లే కరుగుతాయి.

"ఘాట్‌లో గేరు దించకుండా ఎక్కితే చాలుగా?" అంటూ చేతులు తుడుచుకుంటాడు.