వోల్టేజి పాఠములలో నీటితొట్టి ఉపమానము

గృహోపకరణముల వోల్టేజిని గూర్చి వ్రాయువారు చాలమంది నీటితొట్టితో ప్రారంభింతురు. తొట్టి ఎంత ఎత్తున నున్న, కుళాయిలో నీరు అంత జోరుగా వచ్చును. వోల్టేజి ఆ ఎత్తు వంటిది. విద్యుత్ప్రవాహము ఆ నీటి వంటిది. ఓము 1827లో ప్రకటించిన సూత్రమును ఇంత సులభముగా నచ్చజెప్పు ఉపమానము మరొకటి లేదు. అందులకు దానిని మెచ్చుకొనవలసినదే.

కాని అనేకులు అక్కడనే ఆగిపోవుదురు. అందుచే పాఠకుడు, “వోల్టేజి పెరిగిననే ప్రమాదము, తగ్గినచో పని మందగించును, అంతే” అని తలచును. ఇది హీటరు వంటి వానికే సరిపోవును.

మన ఇండ్లకు నిర్ణయించిన వోల్టేజి 230. దానికై తయారైన 1000 వాట్ల హీటరుకు 180 వోల్టులే అందినచో, సామర్థ్యము వోల్టేజి వర్గమును అనుసరించి సుమారు 610 వాట్లకు తగ్గును. నీరు ఆలస్యముగా కాగును, నష్టమంతే. అమెరికాలో 120 వోల్టులకు చేసిన 1000 వాట్ల ఇస్త్రీపెట్టెను తెచ్చి ఇక్కడ తగిలించినచో, అది సుమారు 3,670 వాట్లు లాగబోయి మాడిపోవును. ఇంతవరకు ఉపమానము నిలుచును.

సామాన్యమైన మోటారుగల రిఫ్రిజిరేటరు వద్ద అది బోల్తాపడును. వోల్టేజి తగ్గినపుడు మోటారు తిప్పుబలము కూడ ఇంచుమించు వర్గానుపాతముగనే తగ్గును. దానిపై భారము మాత్రము తగ్గదు. తిరుగలేక గుర్రుమను మోటారు మామూలుకంటె అనేక రెట్ల ప్రవాహమును లాగును. దానిని ఆపు రక్షక సాధనము పనిచేయనిచో తీగచుట్టలు కాలిపోవును. “100–240” అని వ్రాసియున్న ఛార్జరుల తీరు వేరొకటి. అవి బయటికిచ్చు సామర్థ్యమును నిలుపుకొనును గనుక, వచ్చు వోల్టేజి సగమైనచో లాగు ప్రవాహము సుమారు రెట్టింపగును. తొట్టి దిగినకొలది నీరు హెచ్చుట ఏ కుళాయిలో చూతుము?

తీగల విషయమున ఈ పొరపాటు మరింత ప్రమాదకరము. తీగపై “1100 వోల్టులు” అని చూచి, అది ఎంత బరువునైనను మోయునని కొందరు నమ్ముదురు. ఆ అంకె పైతొడుగు ఓర్పును తెలుపును; రాగి ఎంత ప్రవాహమును మోయగలదో తెలుపదు. తీగలోని వేడి ప్రవాహపు వర్గమును అనుసరించును. సన్నని తీగకు పెద్ద హీటరును తగిలించినచో, వోల్టేజి సరిగానే యున్నను గోడలోపల తొడుగు కరుగవచ్చును.

నీటితొట్టిని విడువనక్కరలేదు. అది ఎంతవరకు వచ్చునో, ఎక్కడ ఆగునో కూడ వ్రాయవలెను. ఉపకరణముపై వోల్టులను, వాట్లను, తీగకు తగిన ఆంపియర్లను వేరువేరుగ చదువ నేర్పని పాఠము, ఎంత సులభముగా నున్నను, ఇంటికి రక్ష కాజాలదు.