ఒకే పాట: కమాను మీద, మీటు మీద

జాన్ మెక్‌లాఫ్లిన్ కట్టిన ‘లోటస్ ఫీట్’ను శక్తి బృందం 1975 జులైలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక కళాశాల కచేరీలో వాయించింది. మరుసటేడు విడుదలైన ఆ రికార్డులో పాటను మోసింది ఎల్. శంకర్ వయొలిన్. 2000లో ‘రిమెంబర్ శక్తి’ పేరుతో వచ్చిన ‘ది బిలీవర్’లో అదే పాట మళ్లీ వినిపించింది. ఈసారి వయొలిన్ లేదు. ఆ చోట పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్ ఉంది. మెక్‌లాఫ్లిన్, తబలా మీద జాకీర్ హుస్సేన్ రెండింటిలోనూ ఉన్నారు. లయలో ఇంకో తరం వచ్చింది: అప్పుడు ఘటం వాయించిన వినాయకరామ్ స్థానంలో ఆయన కొడుకు సెల్వగణేశ్.

విమర్శకు ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. పైగా ఇది వేగం చూపించుకునే వీల్లేని పాట. నెమ్మదిగా, కొద్దిపాటి స్వరాలతో నడుస్తుంది. వాద్యం తన బలహీనతను దాచుకోలేదు.

మొదటి రికార్డు ఐదు నిమిషాలైనా నిండదు. శంకర్ అందులో పెద్దగా ఏమీ చేసినట్టుండరు. స్వరాన్ని పట్టుకుంటారు, నిలుపుతారు, పక్క స్వరంలోకి జారుస్తారు. కమాను కదులుతున్నంతసేపూ నాదం తెగదు. మెక్‌లాఫ్లిన్ చేతిలో ఉన్నది అకూస్టిక్ గిటార్, మీటగానే సన్నగిల్లే తీగ. ఒకటి ఆరిపోయే ధ్వని, ఒకటి సాగే ధ్వని. రెండూ ఒకదానికొకటి చోటిచ్చుకుంటాయి. కచేరీలో గాయకుడి వెంట నడవడానికి అలవాటుపడిన వయొలిన్ ఇక్కడ పక్కవాద్యం కాదు, పాటలో సగం.

మన ప్రాంతపు చెవికి వయొలిన్ కొత్త కాదు. ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో 1926లో పుట్టిన అన్నవరపు రామస్వామి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యుడిగా, విజయవాడ ఆకాశవాణి కళాకారుడిగా ఆ కమాను గొంతును ఇంటింటికీ చేర్చారు. గొంతు పాడినదల్లా వయొలిన్ పాడాలని మనం సహజంగానే కోరుకుంటాం. మాండలిన్‌ను అలా కోరినవాళ్లెవరు?

శ్రీనివాస్‌కు పాఠం చెప్పిన రుద్రరాజు సుబ్బరాజు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. ఆయన మాండలిన్ వాయించలేదు, పాడారు. పిల్లాడు విన్న పాటను తీగ మీదికి తెచ్చుకున్నాడు. 1978లో కొల్లేటికి అవతల గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి అతని వయసు తొమ్మిదేళ్లు. మామూలు మాండలిన్‌కు ఉండే జంట తీగలు గమకానికి అడ్డమని ఒంటి తీగలు పెట్టుకున్నాడు, నాదం నిలవడానికి ఎలక్ట్రిక్ వాద్యం పట్టాడు, నాలుగు తీగల్ని ఐదు చేశాడు. ఇవన్నీ ఒకే కోరిక కోసం: మీటిన తీగ పాడాలి.

‘ది బిలీవర్’లోని ‘లోటస్ ఫీట్’లో ఆ కోరిక ఎంత తీరింది? చాలావరకు తీరింది, పూర్తిగా కాదు. స్వరం ఆరిపోయే చోట శ్రీనివాస్ ఓ చిన్న జారు, ఓ కంపనం వేసి దాన్ని బతికిస్తారు. అవి అందంగానే ఉంటాయి. కానీ ఈ పాట ఖాళీని కోరుతుంది, అలంకారం ఆ ఖాళీలోకి వచ్చి కూర్చుంటుంది. మరో ఇబ్బంది కూడా ఉంది. మెక్‌లాఫ్లిన్ ఇప్పుడు ఎలక్ట్రిక్ గిటార్ పట్టారు. రెండూ మీటే తీగలే కావడంతో రంగులు దగ్గరపడ్డాయి. ఈ ఒక్క పాట వరకు నేను నిస్సంకోచంగా 1975 వాయింపునే ఎంచుకుంటాను.

అదే రికార్డులో శ్రీనివాస్ సొంత రచన ‘మాయ’ దగ్గరికొచ్చేసరికి నా లెక్క తిరగబడుతుంది. అక్కడ ఆ దగ్గరితనమే బలం. ప్రశ్న గిటార్‌దో జవాబు మాండలిన్‌దో తేల్చుకునేలోపే స్వరం చేతులు మారుతుంది. కమానుతో అంత పదునైన అంచు రావడం కష్టం. మెక్‌లాఫ్లిన్ జాజ్‌లోంచి వచ్చినవాడు, శ్రీనివాస్ కీర్తనల్లోంచి వచ్చినవాడు. ఎవరూ తమ వ్యాకరణాన్ని వదులుకోలేదు. కలయిక సంగీతం పేరుతో రాగాన్ని పలచన చేసిన రికార్డులు ఎన్నో విన్నాక, ఈ నిజాయితీకి విలువ తెలుస్తుంది.

మైఖేల్ బ్రూక్‌తో 1995లో చేసిన ‘డ్రీమ్’ను ఈ వరుసలో నేను కిందే పెడతాను. అక్కడ ప్రతిధ్వని పొరలు మాండలిన్‌కు దీర్ఘాన్ని అరువిచ్చాయి, బదులుగా దాని అంచును తీసుకున్నాయి. 2003 నాటి ‘సంగం’ వేరు. అందులో తమ్ముడు రాజేశ్‌తో కలిసి శ్రీనివాస్, మైఖేల్ నైమన్ బృందపు వయొలిన్ల, శాక్సఫోన్ల మధ్య కూర్చున్నారు. నైమన్ సంగీతం ఒకే లయను మళ్లీ మళ్లీ దరువు వేస్తూ నడుస్తుంది. కమాను తీగలు దీర్ఘాన్ని చూసుకుంటే, మాండలిన్ తనకు సహజమైన మెరుపుకు స్వేచ్ఛగా తిరిగొచ్చింది. కమాను, మీటు పోటీపడకుండా పని పంచుకున్న చోటు అదే. మన దగ్గర దాని గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, 45 ఏళ్లకే పోయారు. ఆయన్ని బాలమేధావిగా తలుచుకోవడం ఇక చాలు. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో సంగీతం నేర్పే గురువులకు నా విన్నపం: శిష్యుల్ని కూర్చోబెట్టి రెండు ‘లోటస్ ఫీట్’లూ ఒకదాని వెంట ఒకటి వినిపించండి. ముందు వయొలిన్‌ది, తర్వాత మాండలిన్‌ది. ఏది గొప్పదో మీరు చెప్పకండి, వాళ్లనే చెప్పనివ్వండి.