పట్టము తరువాతి పరిశోధకుడు: వాడపల్లి నిదర్శనముగా ఒక విమర్శ

సిద్ధాంతగ్రంథములపై విమర్శలు మన విశ్వవిద్యాలయ పత్రికలలో విరివిగనే వెలువడుచున్నవి. ఒకదానియందు పునరుక్తి యున్నదనియు, మరియొకదానియందు ఆధారములు చాలవనియు, వేరొకదానియందు భాష శిథిలముగ నున్నదనియు విమర్శకులు చూపుచున్నారు. ఇవి యన్నియు గ్రంథమును గూర్చిన విచారములు. గ్రంథకర్త పట్టము పొందిన పదియేండ్లకు ఏమి పరిశోధించుచున్నాడు, ఆ గ్రంథము అతనికి ఏపాటి దారిబత్తెమైనది అను విచారము మాత్రము అరుదు. ఆ దృష్టితో పరీక్షించినచో సిద్ధాంతగ్రంథముల గుణదోషనిర్ణయము కొంత మారక తప్పదు. పరిశోధకుడు స్వయముగ సేకరించి, పరీక్షించి, క్రమపరచుకొన్న సామగ్రియే అతని విద్యావృత్తికి పొలమనియు, పట్టమును ప్రకటితవ్యాసములును దానియందు పండు ఫలసాయమనియు నిరూపించుట యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట మన పూర్వులలో ముగ్గురిని తీసికొందము. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ బోధనభాషగా ఏర్పడినది. అచట తెలుగున తొలి పిహెచ్.డి. పట్టమును 1956లో పొందినవారు బిరుదురాజు రామరాజుగారు. వారి విషయము తెలుగు జానపద గేయసాహిత్యము. గ్రంథము 1958లో అచ్చైనది. ప్రబంధమునకున్న పీఠము పల్లెపాటకు లేని కాలమున అట్టి విషయమును ఎన్నుకొనుట సాహసమే. అంతకంటె ముఖ్యముగ గమనింపదగినది మరియొకటి కలదు. పాటకై వెదకిన ఆ యలవాటు పట్టముతో ముగియలేదు. తాళపత్రములను, మఱుగుపడిన కవులను, యోగుల చరిత్రలను అన్వేషించుటకు అదియే త్రోవ చూపినది. ‘మరుగునపడిన మాణిక్యాలు’, ‘ఆంధ్రయోగులు’ మున్నగు తరువాతి కృతులు ఆ సేకరణశీలముయొక్క సంతానమే.

భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు అధ్యాపకులుగా జీవనమారంభించి, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున 1957లో పట్టము పొందిరి. తెలుగు క్రియాధాతువులపై వారి గ్రంథము 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రచురణగా వెలువడినది. మరుసటియేడే, అనగా 1962లో, వ్యవసాయ పదములతో మాండలిక వృత్తిపదకోశము తొలి సంపుటము వచ్చినది. ధాతువులను పోల్చిన చూపు రైతుల నోటి మాటలవైపు మరలినది. ఆ రెండు దారులును కలిసి 2003లో కేంబ్రిడ్జి ప్రచురించిన ద్రావిడభాషల బృహద్గ్రంథము వఱకు సాగినవి. ఒక్క సిద్ధాంతగ్రంథపు విత్తనము దాదాపు అర్ధశతాబ్దము పంట నిచ్చినది.

మూడవవారు మల్లంపల్లి సోమశేఖరశర్మగారు. పట్టము లేకయే వారు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి విజ్ఞానసర్వస్వ కార్యమున శిక్షణ పొందిరి; శాసనములను చదివి చదివి చరిత్రకారులైరి. ఆంగ్లమున వారు రచించిన రెడ్డిరాజ్యముల చరిత్రను 1948లో ఆంధ్రవిశ్వవిద్యాలయము ప్రకటించినది. విశ్వవిద్యాలయమే వారిని అధ్యాపకులుగా ఆహ్వానించినది. దీనినిబట్టి పట్టము నిరర్థకమని మేము చెప్పుట లేదు. పట్టమున్న ఇరువురికిని, లేని యొకరికిని సమానముగ నున్న సంపద యేదియో చూపుటయే మా తలంపు.

ఇక నేటి స్థితి. ‘ఫలాని కవి: జీవితము, సాహిత్యము’ అను మూస మన శాఖలలో బలముగ నాటుకొన్నది. యుగపరిస్థితులు ఒక ప్రకరణము, కవిజీవితము ఒకటి, కృతిపరిచయము రెండు, ఉపసంహారము ఒకటి. ఇందు మొదటిది చరిత్రగ్రంథములనుండియు, రెండవది పీఠికలనుండియు వచ్చును. పట్టము పొందిన పిదప ప్రకరణములను వ్యాసములుగ విడదీసి ప్రకటించుటతో రెండుమూడేండ్లు గడచును. ఆపైన గాదె ఖాళీ. అధ్యాపకుడు సోమరియై వ్రాయుట మానినాడని లోకము నిందించును. అతని వద్ద వ్రాయుటకు సామగ్రియే లేదనుట యథార్థము.

ఉద్యోగనియమములే ఈ దుస్థితికి కారణమని విద్యార్థులు చెప్పుదురు. అందు కొంత సత్యము లేకపోలేదు. అయినను నియమములను చదువకయే భయపడువారు మిక్కుటము. విశ్వవిద్యాలయ ధనసహాయసంఘము 2018లో చేసిన నియమావళి ప్రకారము, విశ్వవిద్యాలయమున సహాయాచార్యపదవికి అభ్యర్థులను ముఖాముఖి పరీక్షకు పిలుచు పట్టికలో పిహెచ్.డి.కి 30 మార్కులు, ఒక్కొక్క వ్యాసమునకు 2 చొప్పున వ్యాసములకు మొత్తము 10 మార్కులు నిర్ణయింపబడినవి. అనగా అయిదు వ్యాసములతో ఆ గడి నిండును. ఆరవ వ్యాసము ఆ పట్టికలో ఒక్క మార్కునైనను పెంచదు. అంతేకాక ఆ మార్కులు పిలుపునకే. ఎంపిక ముఖాముఖిమీద నాధారపడునని ఆ నియమావళియే చెప్పినది. సిద్ధాంతగ్రంథ సమర్పణకు ముందు వ్యాసము ప్రకటించి తీరవలెనను నిబంధన 2022 నాటి నియమములలో తొలగినది. పత్రికల ఆమోదపట్టికనే ఆ సంఘము 2025లో విరమించినది. పట్టికలు మారుచుండును. వానిని నమ్మి ఇరువది పలుచని వ్యాసములు వ్రాసినవాడు పట్టిక మారిననాడు ఏమి చేయగలడు?

సామగ్రి యెచట దొరకునను ప్రశ్నకు దూరము పోనక్కరలేదు. మిర్యాలగూడ ప్రాంతమున దామరచర్ల మండలములోని వాడపల్లిని చూడుడు. మూసీనది కృష్ణలో కలియు చోటది. అగస్త్యేశ్వరుడు, లక్ష్మీనరసింహుడు అచటి దేవతలు. ఇరువురిని అగస్త్యుడే ప్రతిష్ఠించెనని స్థలపురాణము. ఈ క్షేత్రము మన సిద్ధాంతగ్రంథములలో ప్రస్తావింపబడినచో ఒక పేరాకు మించదు. ఆ పేరాలో ఎన్ని సమస్యలు దాగియున్నవో పరిశీలింతము.

మొదటిది ఊరి పేరు. ‘వాడ’ యనగా వీథి, పేట అని సామాన్యార్థము. కాని ఓడలు వచ్చిన పల్లె యగుటచే ‘ఓడపల్లి’యే వాడపల్లి యైనదని కొందఱి వ్యుత్పత్తి. వాడరేవు, వాడబలిజ అను పదములను ప్రక్కన నుంచిన ఈ యూహను త్రోసివేయుట సులభము కాదు. గౌతమీగోదావరి యొడ్డున కోనసీమలో మరియొక వాడపల్లి కలదు. రెండును నదీతీరములే యగుట గమనింపదగును. తీరమున లేని వాడపల్లులు ఎన్ని కలవో లెక్కించి, శాసనములలోని రూపములతో సరిచూచిన గాని ఇది తేలదు. ఇదియొక్కటియే గ్రామనామ పరిశోధనకు ఏడాది పని.

రెండవది అగస్త్యేశ్వరుని కథ. బోయవాడు తరుముకొనిరాగా ఒక పక్షి లింగము చాటున దాగినదట. ఆకలిగొన్న బోయనికి శివుడు పక్షికి మారుగ తన శిరస్సునుండి మాంసమును తీసికొమ్మనెనట. ఆ గాయమును కడుగుటకు గంగ వచ్చినదనియు, అందుచేతనే లింగముమీది గుంటలో నీరు ఎన్నడును ఎండదనియు చెప్పుదురు. దీనిని శిబిచక్రవర్తి కథకు అనుకరణ మని వదలివేయుట తొందరపాటు. శ్రీకాళహస్తి కథను కూడ జోడించి చూచిన విశేషము బయటపడును. ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యమున చెప్పిన తిన్నని కథలో బోయవాడు తన కన్నును లింగమున కిచ్చెను. వాడపల్లిలో లింగమే తన మాంసమును బోయనికిచ్చినది. ఒకచోట భక్తుని దేహము దైవమునకు మందైనది. మరియొకచోట దైవదేహము వేటగానికి ఆహారమైనది. ఈ తలక్రిందులు ఎవరి నోట, ఎప్పుడు జరిగినది? కథను అర్చకులు చెప్పు తీరును, చెంచులు, ఎరుకలు, జాలరులు చెప్పు తీరును వేర్వేరుగ వ్రాసికొన్న పరిశోధకుడు మాత్రమే సమాధానము చెప్పగలడు. నరసింహస్వామి ముఖమునకు సమానముగ నున్న దీపము ఆయన ఉచ్ఛ్వాసనిశ్వాసములచే కదలుననియు, పాదములకడ దీపము నిశ్చలముగ నుండుననియు అను విశ్వాసమును ఇట్లే విచారింపదగినది.

మూడవది ఆవలి యొడ్డు. కృష్ణ దాటినచో పల్నాడు. 2014 పిదప ఈ యేరే రెండు రాష్ట్రముల సరిహద్దైనది. పాటకు ఆ సరిహద్దు తెలియదు. మన విషయసూచికకు మాత్రము తెలియును. ఒక యొడ్డు పాటలను ఒక విశ్వవిద్యాలయము, మరియొక యొడ్డు పాటలను ఇంకొకటి విడివిడిగ పరిశీలించినచో వీరగాథలు నదిని దాటిన మార్గము ఎన్నటికిని కానరాదు.

నాలుగవది కాలము. ఎగువన నాగార్జునసాగరమునకై నాగార్జునకొండ లోయ నీట మునుగుటకు ముందు, 1954 నుండి 1960 వఱకు అచట త్రవ్వకములు జరిగి శిల్పసంపద కొండపైకి తరలింపబడినది. శిలను తరలించిరి, ఊళ్ల పాటలను తరలింపవలెనను చింత అంతగా లేకపోయినది. దిగువన పులిచింతల జలాశయము 2013లో ప్రారంభమై మఱికొన్ని గ్రామములు చెదరినవి. చెదరిన ఊరి జనము బ్రతికియుండినను, కలిసి పాడు సందర్భము పోవును. ఈ పని రేపటికి వాయిదా వేయదగినది కాదు.

మాపై రాగల ఆక్షేపము ఒకటి కలదు. ఇంటికి పెద్దకొడుకై, కుటుంబభారము మోయు విద్యార్థి క్షేత్రములవెంట తిరుగగలడా? వేతనము వచ్చువాని మాట యటుంచుడు. విద్యార్థివేతనము రానివానిగతి యేమి? నియామకములు సంవత్సరముల తరబడి జరుగక, ఒప్పందపు అధ్యాపకులుగనే నడివయస్సు చేరిన విద్వాంసులను మనము ఎఱుగుదుము. ఈ ఆక్షేపము బలమైనది. దీనిని నీతివాక్యములతో తీసివేయరాదు. మా సమాధానము పరిమితమైనది. విషయమును చిన్నదిగ, ఇంటికి దగ్గఱగ ఎన్నుకొనవలెను. మిర్యాలగూడ విద్యార్థికి వాడపల్లి ఒక బస్సు ప్రయాణము. కోదాడవానికి మట్టపల్లి యట్టిదే. సూర్యాపేటవానికి పిల్లలమఱ్ఱి యింటిప్రక్కనే యున్నది. దూరపు గ్రంథాలయమున మూన్నాళ్లు బసచేయు ఖర్చుతో ఈ యూళ్లకు పదిమార్లు పోవచ్చును. ఉద్యోగము ఆలస్యమైనను సేకరణ చెడిపోదు. ఆ విద్యార్థి ఏ కళాశాలలో చేరినను అది అతనితోడనే యుండును.

బాధ్యత విద్యార్థిది మాత్రమే కాదు. పర్యవేక్షకులమైన మేము మూడు నియమములు పాటింపవలసియున్నది. విషయమును ఆమోదించుటకు ముందు, ఇందు నీవు కొత్తగ సేకరింపగలది యేది అని అడుగవలెను. సేకరించిన పాటలు, కథలు, శాసనపాఠములు పాడినవారి, చెప్పినవారి యనుమతితో, సమ్మతించినవారి పేర్లతో అనుబంధముగ చేర్పించి, ధ్వనిముద్రణల ప్రతిని శాఖయందును, ఆ యూరియందును భద్రపరుపవలెను. ఆ సామగ్రి విద్యార్థిదేయని అంగీకరించి, దానిమీది వ్యాసములలో పర్యవేక్షకుని పేరు కారణము లేక చేర్చుటను మానవలెను. ఈ మూడవది చెప్పుట కష్టము, చేయుట మఱింత కష్టము. కాని యువపరిశోధకుని పొలమున పెద్దలు పంట కోసికొన్నచో అతడు తిరిగి విత్తడు.

పట్టపరీక్షలో సాధారణముగ చివరి ప్రశ్న, ఈ గ్రంథముయొక్క నూతనత్వమేమి అని. దానితోపాటు, ఈ గ్రంథమున ఇమడక మీవద్ద మిగిలిన సామగ్రి యేది అని కూడ పరీక్షకులు అడుగుదురుగాక. ఆ ప్రశ్నకు చెప్పదగిన సమాధానము గల విద్యార్థి పట్టము పిదపను పరిశోధకుడై నిలుచునని మా విశ్వాసము. విజ్ఞులు విచారింతురుగాక.