ఆప్తవాక్య విచారము: విశాఖపట్టణపుఁ దెలుఁగు సువార్తలు

అరసవల్లి సూర్యదేవాలయమును గూర్చి రెండు మాటలు వినఁబడుచున్నవి. ఇంద్రుఁడు ప్రతిష్ఠించెనని స్థలపురాణము చెప్పును. కళింగగాంగవంశపు దేవేంద్రవర్మ కట్టించెనని చరిత్రకారులందురు. భక్తుఁడు మొదటి మాటను, శాసనపరిశోధకుఁడు రెండవ మాటను గ్రహించును. ఆలయ మొక్కటియే యైనను బ్రశ్నలు వేఱు. కావున సాక్షులును వేఱు. ఈ వివేకమును మన యుత్తరతీరముననే పుట్టిన క్రైస్తవ వాఙ్మయమునకును వర్తింపఁజేయవలసి యున్నది. గ్రీకు నెఱుఁగని తెలుఁగు విశ్వాసి తన ముక్తిని ఎవరి మాటపై నిలుపుకొనవలెను?

1805వ సంవత్సరమున లండను మిషనరీ సంఘమువారగు జార్జి క్రాను, ఆగస్టసు డెగ్రాంజి అనువారు విశాఖపట్టణమునకు వచ్చిరి. క్రైస్తవుఁడైన బ్రాహ్మణుఁడు ఆనందరాయరు వారి యనువాదమునకుఁ దోడ్పడెను. క్రాను 1809లోను, డెగ్రాంజి 1810లోను మరణించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపురమున నచ్చుపడినవి. 1820వ సంవత్సరమునకు ముందే రెండు వేర్వేఱు క్రొత్తనిబంధనములు వెలువడినవి: శ్రీరామపురమునుండి విలియం కేరీది యొకటి, మదరాసునుండి విశాఖపట్టణపు ఎడ్వర్డు ప్రిచెట్టుది యొకటి. మూల మొక్కటి, పాఠములు రెండు. చదువరి దేనిని నమ్మవలెను?

ఇచ్చట నిరువురు తొట్రుపడుదురు. పండితుఁడు తెలుఁగులోని దోషముల నెంచి గ్రంథార్థమునే త్రోసివేయును. విశ్వాసి, దొర వ్రాసినదను గౌరవముచే, దోషమును గూడ దైవవాక్యముగాఁ గైకొనును. ఇరువురును మనుష్యునిఁ జూచి మాటను నిర్ణయించుచున్నారు. న్యాయభాష్యమున వాత్స్యాయనుఁడు చెప్పిన యాప్తలక్షణము వేఱు. విషయమును స్వయముగా నెఱిఁగి, ఎఱిఁగినది యెఱిఁగినట్లు తెలుపఁగోరువాఁడే యాప్తుఁడు. ఈ లక్షణము ఋషికిని, ఆర్యునికిని, మ్లేచ్ఛునికిని సమానమనియు నాతఁడు స్పష్టపఱచెను. కులము, దేశము, పదవి అను వానిలో నొక్కటియు నందుఁ జేరలేదు.

ఈ కొలతతోఁ జూచినచో ననువాదమున కొక్క యాప్తుఁడు చాలఁడు. మూలమున నేమున్నదో గ్రీకు నేర్చినవాఁడు చెప్పవలెను. ఆ మాట తెలుఁగువాని చెవి కెట్లు వినఁబడునో ఆనందరాయరు వంటివాఁడు చెప్పవలెను. కేరీ బహుభాషావేత్తయే కాని తెలుఁగునాట నివసించినవాఁడు కాఁడు, పండితులపై నాధారపడెను. ప్రిచెట్టు విశాఖపట్టణమున నుండి జనుల పలుకు వినెను. కావునఁ బలుకుబడి విషయమునఁ బ్రిచెట్టునకు బలము హెచ్చు. మూలార్థ విషయమున మాత్రము నివాసము ప్రమాణము కాదు.

బాప్తిస్మమను పదము దీనికి నిదర్శనము. ఇందలి గ్రీకు క్రియకు ముంచుట యని యర్థము. తెలుఁగున నా గ్రీకుపదమునే నిలిపిరి. పదము తెలియనిచోట వినువాఁడు బోధకుని వివరణమునకే లోఁబడును. విశాఖపట్టణపు లండను మిషనువారు శిశువులకును బాప్తిస్మ మిచ్చు సంప్రదాయమువారు. 19వ శతాబ్ది యుత్తరార్ధమున శ్రీకాకుళము, బొబ్బిలి ప్రాంతములకు వచ్చిన కెనడా బాప్టిస్టులు విశ్వసించినవారినే నీట ముంచువారు. పదమున కర్థమేమి యన్నచోఁ గోశకారుఁ డాప్తుఁడు. ఆదిమసంఘ మెట్లాచరించె నన్నచోఁ జరిత్రకారుఁ డాప్తుఁడు. నేఁడెట్లాచరింపవలె నన్నది సంఘము తేల్చుకొనవలసినది. నిఘంటువు కడపటి ప్రశ్నమును దీర్పలేదు. బోధకుని గౌరవము మొదటిదానిని దీర్పలేదు.

విశ్వాసమునకుఁ బరీక్ష తగునా యని కొందఱు శంకింతురు. లూకా తన పీఠికలోఁ దాను కన్నులారఁ జూచితినని చెప్పుకొనలేదు. చూచినవారు అప్పగించినదానిని మొదటినుండియుఁ బరిశీలించి వరుసగా వ్రాయుచున్నానని మాత్రమే చెప్పెను. అపొస్తలుల కార్యములలో బెరయవారు పౌలు మాటను సైతము లేఖనములతోఁ బోల్చి చూచినందుకు మెచ్చుకొనఁబడిరి. పరీక్ష విశ్వాసమును బుట్టింపదు. విశ్వాసము తగని సాక్షిపై నిలువకుండఁ గాపాడును.

కావునఁ బ్రబంధములకుఁ బాఠాంతరములు కూర్చు పండితులు ఈ తొలి సువార్తల ప్రతులను గూడ గ్రీకుమూలముతోను, దరువాతి కూర్పులతోను సరిపోల్చవలెను. ఆ పని జరిగినప్పుడే గ్రీకు విద్య కెంత, తెలుఁగు చెవికెంత ఋణపడియున్నామో తేలును. ఆనందరాయరు పాలు ఎంతయో పదపదమునఁ గనఁబడును.