మాంత్రికుడికీ భయం ఉండాలి

లక్షల కాపీలు అమ్ముడుపోయిన ఫాంటసీ నవల అంటారు, సినిమా కూడా తీస్తున్నారంటారు. ఆశగా కొంటాం. యాభై పేజీలకే విసుగొచ్చి పక్కన పడేస్తాం. ‘నాకే బుర్రకెక్కలేదేమో’ అని కొందరు సిగ్గుపడతారు కూడా. సిగ్గెందుకండీ? ఏడు రాజ్యాలు, నోరు తిరగని పేర్లు, మూడు తరాల వంశవృక్షం ముందే నెత్తికెత్తి, మనం వెంట నడవడానికి ఒక్క మనిషినీ చూపించకపోతే పాఠకుడేం చేస్తాడు?

దాసరి సుబ్రహ్మణ్యం గారిని చదవండి, తేడా తెలుస్తుంది. 1954లో ‘తోకచుక్క’ సీరియల్‌తో మొదలుపెట్టి ‘మాయాసరోవరం’ దాకా, కింద తన పేరైనా లేకుండా, చందమామ మాసపత్రిక పాఠకుల్ని నెలనెలా ఎదురుచూసేలా చేసిన మహానుభావుడు. నా దృష్టిలో తెలుగు జానపద నవలకు ఆయన తర్వాతే ఎవరైనా.

ఆయన పనితనం చూడండి. ‘శిథిలాలయం’లో శబర యువకుడు శిఖిముఖి, అతని తోడు విక్రమకేసరి. ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మకు కత్తి, జీవదత్తుడికి మంత్రదండం. జంటగా పంపితే దారిపొడుగునా వాళ్లే మాట్లాడుకుంటారు, ఆ మాటల్లోనే కొత్త లోకం మనకు తెలిసిపోతుంది. రచయిత మధ్యలో దూరి పాఠం చెప్పక్కర్లేదు. మాంత్రికుడైనా భయపడతాడు, మోసపోతాడు, పారిపోతాడు. మంత్రం ఉంది కదా అని అడవి దానంతటదే దారివ్వదు.

ప్రతి భాగం మొదట్లో బ్రాకెట్ల మధ్య కొద్ది పంక్తుల్లో జరిగిన కథ, చివర ప్రాణం మీదికొచ్చిన చోట ‘ఇంకావుంది’. పక్కన చిత్రకారుడు చిత్రా గారి బొమ్మ. ఆ బొమ్మలోని రాక్షసుణ్ణి చూశాక వర్ణన ఇంకెందుకు! అన్ని మలుపుల కథనూ ఆ కొద్ది పంక్తుల్లో చెప్పగలిగారంటే దాని వెన్నెముక అంత గట్టిదన్నమాట. ఇప్పటి లావుపాటి నవల దేన్నైనా అలా చెప్పి చూడండి.

ఒళ్లు మండేది నకళ్లను చూసినప్పుడు. ‘బాహుబలి’ సినిమా తర్వాత కోటలు, కత్తులు, శాపాలు పోగేసి నవల అంటున్నారు. నాయకుడు చచ్చే పరిస్థితి వస్తే అప్పటిదాకా ఊసే లేని దివ్యాస్త్రం ఊడిపడుతుంది. ఇక వాడి కోసం మనమెందుకు భయపడాలి?

కథకు సరుకు కావాలా? మా పెద్దవూర నుంచి నాగార్జునసాగర్ దారి పట్టండి. ఆ జలాశయం నీళ్ల కింద ఇక్ష్వాకుల విజయపురి ఉంది, ఏలేశ్వరం ఉంది. సిద్ధ నాగార్జునుడు కొండనే బంగారం చేయబోయాడని చెప్పుకుంటారు. అవతల నల్లమల. ఇంత సరుకు ఇంటిముందు పెట్టుకుని మంచుకోటల్ని, డ్రాగన్లను అరువు తెచ్చుకోవడం ఏం ఖర్మ? నల్లగొండ కుర్రకారుకు నా మనవి ఒక్కటే: ముందు ‘శిథిలాలయం’ చదవండి, తర్వాత ఏలేశ్వరం మీద ఒక నవల రాయండి.