రామదాసు నింద: వ్యాజస్తుతి అనవచ్చునా?

భద్రాచల రామదాసు కీర్తనల్లోని నిందను వ్యాజస్తుతి అనడం మన విమర్శకు అలవాటు. వ్యాజస్తుతిలో నింద పైపూత, లోపలున్నది పొగడ్త. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకానికి ఆ పేరు చక్కగా సరిపోతుంది. గోల్కొండ చెరసాలతో సంప్రదాయం ముడిపెట్టిన ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనకు మాత్రం పొసగదు. పాల్వంచ పరగణా తహసీల్దారుగా పనిచేసిన కంచెర్ల గోపన్న అందులో లెక్క అప్పజెబుతున్నాడు. సీతమ్మకు చింతాకు పతకం, భరతునికి పచ్చల పతకం, శత్రుఘ్నునికి బంగారు మొలతాడు, కొన్నిటికి పట్టిన మొహరీల సంఖ్యతో సహా పద్దు పద్దుగా చదువుతాడు. తానీషా కొలువులో చెప్పుకోవలసిన జమాఖర్చును రాముని ముందు పెట్టడంతో బాకీ చేతులు మారింది. చెరలో అతన్ని నిలబెట్టినది శరణాగతి ఒక్కటే కాదు, సొమ్ము అనుభవించినవాణ్ణి నిలదీసే ఈ హక్కు కూడా.

ప్రచారంలో ఉన్న పాఠం చివర, దెబ్బలకు తాళలేక తిట్టానన్న క్షమాపణ వస్తుంది. అది నిందను రద్దు చేస్తుందనే వాదానికి అవకాశముంది. కాని ఆ చరణం తిట్టును తిట్టుగానే ఒప్పుకొంటున్నది. వ్యాజస్తుతి చేసినవానికి క్షమాపణతో పనేమిటి? పైగా కీర్తన చరణంతో ముగియదు. గాయకుడు తిరిగి పల్లవి ఎత్తుకోవాలి. అక్కడున్నది పలకమనే మొరే.